మూడడుగుల కర్ర, అడుగు నీడ

అమ్మలూ,

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ మా ఆమదాలవలసలో తెల్లారగట్ల ఇంకా దుప్పటి తియ్యబుద్ధి కావట్లేదు. నీ మెసేజ్ చూసి రెండు రోజులైంది. ఫోన్‌లో వేలితో పొడుచుకుంటూ ఇంత జవాబు రాయడం నా వల్ల కాదు, అందుకే కాగితం తీశాను. మీ అన్నయ్య ఫొటో తీసి పంపుతానన్నాడు.

పిల్లలిద్దర్నీ బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నావని తెలిసి మీ అమ్మ గోల పెట్టినంత నేను పెట్టలేదు. ముప్పై రెండేళ్లు బడిలో సైన్సు చెప్పినదాన్ని, అక్కడ ఏమవుతుందో ఏమవదో నాకు తెలుసు. పదో తరగతి ఓపెన్ స్కూల్లో కట్టించుకోవచ్చు, తొమ్మిదేళ్ల పిల్లకి ఆ బెంగ ఇప్పుడెందుకు? ఎండలు ముదిరేలోగా బయట ఏం చేయించాలి, ఆరువేల కిట్టు ఒకటి ఉంది, తెప్పించనా అన్నావు. తెప్పించకు. ఒక టేపు, దారపుండ, భూతద్దం, రెండు రూళ్ల పుస్తకాలు కొను. మిగిలిన డబ్బులు నీ దగ్గరే ఉంచుకో.

ఏం చేయించాలన్నది తర్వాత, ముందు నేను చేసిన తప్పు విను. ఉద్యోగంలో చేరిన నాలుగైదేళ్లకి, మార్చి నెలలో, ఎనిమిదో తరగతి వాళ్లచేత నీడ కొలిపిద్దామనుకున్నాను. ముందురోజే బోర్డు మీద రాసేశాను: "మూడడుగుల కర్రకి మధ్యాహ్నం అడుగు నీడ వస్తుంది. కొలిచి పుస్తకంలో రాయండి." మర్నాడు పదకొండింటికే మబ్బు కమ్మేసింది. నేను ఆఫీసు గదిలో ఏవో రిజిస్టర్ల మధ్య ఇరుక్కుపోయాను. సాయంత్రం దిద్దుదామని కూచుంటే, నలభై చిల్లర పుస్తకాల్లోనూ "నీడ పొడవు ఒక అడుగు" అనే ఉంది. ఒకమ్మాయి అయితే పదకొండున్నర అంగుళాలని రాసింది, నిజంగా కొలిచినట్టు ఉండాలని! ఒక్క గుంటడు మాత్రం "మబ్బు. నీడ లేదు" అని రాసి, తప్పేమోనని కొట్టేసి, పక్కన అడుగు అని దిద్దుకున్నాడు. ఆ కొట్టివేత నాకింకా కళ్లలోనే ఉంది. వాళ్లచేత దొంగలెక్క రాయించింది నేనే కదా.

అప్పట్నుంచి నా పద్ధతి ఒకటే. పుస్తకం తెరిస్తే ఎడమ పేజీ "అనుకున్నది", కుడి పేజీ "చూసింది". ఎడమ పేజీ నిండకుండా గుమ్మం దాటకూడదు. ఎడమ పేజీ తప్పయితే దిద్దకూడదు, కొట్టెయ్యకూడదు, అలాగే ఉంచాలి. చిన్నోడికి రాయడం రాదంటావా, బొమ్మ వెయ్యమను. నీకు తెలిసిన జవాబు మాత్రం బయటికి రానివ్వకు. కష్టమే, నాకు తెలుసు. పిల్ల తప్పు చెప్తుంటే నాలిక దురద పెడుతుంది. నేను నోట్లో వక్కపలుకు పెట్టుకునేదాన్ని.

ఇక్కణ్నుంచి నీకు మాత్రమే చెప్తున్నాను, వాళ్లకి చదివి వినిపించకు.

ఆ నీడ సంగతితోనే మొదలుపెట్టు. మార్చి 20, 21 తేదీల్లో పగలూ రాత్రీ ఇంచుమించు సమానం. డాబా మీద బల్లపరుపు చోట మూడడుగుల కర్ర నిలబెట్టు, పక్కన దారానికి రాయి కట్టి వేలాడదీస్తే కర్ర వంగిందో లేదో తెలుస్తుంది. పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా పది నిమిషాలకోసారి నీడ కొసన సుద్దముక్కతో చుక్క పెట్టమను. నీడ పొట్టిదవుతూ వచ్చి, ఒకచోట ఆగి, మళ్లీ సాగుతుంది. అన్నిటికన్నా పొట్టి నీడ పన్నెండు దాటిన మూడు నాలుగు నిమిషాల ప్రాంతంలో పడుతుంది, అది సరిగ్గా ఉత్తరాన్ని చూపిస్తుంది. మీ విజయనగరంలో అది అడుక్కి పిసరంత తక్కువ ఉంటుంది. ఎందుకంటే మనం భూమధ్యరేఖకి 18 డిగ్రీల పైన ఉన్నాం, ఆ రోజు సూర్యుడు సరిగ్గా ఆ రేఖ నెత్తిన ఉంటాడు. అంటే ఆ నీడ మన ఊరి అడ్రసు అన్నమాట.

ఇది ఒక్క ఊళ్లో చేస్తే సగమే. ఢిల్లీలో ఉన్న మీ చిన్నన్న ఆ రోజు ఖాళీగా ఉంటే వాడిచేత కూడా మూడడుగుల కర్ర పెట్టించు. వాడికి దాదాపు ఇరవై అంగుళాలొస్తుంది. పెద్దది ఎడమ పేజీలో తప్పకుండా "రెండూ ఒకటే, సూర్యుడు ఒకడే కదా" అని రాస్తుంది. రాయనీ. ఫోన్‌లో మావయ్య అంకె విన్నాక దాని మొహం చూడు. వారానికోసారి కొలుస్తూ పోతే నీడ తరిగి తరిగి, మే రెండో వారంలో ఒకరోజు మధ్యాహ్నం పన్నెండుకి కాస్త ముందు అసలు లేకుండా పోతుంది. జూలై నెలాఖర్లో మళ్లీ అదే జరుగుతుంది గానీ అప్పుడు మబ్బుల్లో మనకి దొరకదు.

ఇదంతా మన అరసవల్లి గుడి కట్టినవాళ్లకి ఎప్పుడో తెలుసు. మార్చి 9, 10 ప్రాంతంలోనూ, అక్టోబరు మొదటి రెండు రోజుల్లోనూ పొద్దుటి కిరణాలు గుమ్మాలన్నీ దాటుకుంటూ వెళ్లి సూర్యనారాయణస్వామి పాదాల మీద పడతాయి. ఏటా జనం విరగబడి వెళ్తారు, మీ అమ్మా నేనూ కూడా చిన్నప్పుడు నాన్న భుజాలెక్కి చూశాం. ఏడాదికి రెండుసార్లే ఎందుకని, అదీ ఆ తేదీల్లోనే ఎందుకని నేను అడగలేదు. నన్నెవరూ అడగలేదు కూడా. పెద్దదానికి క్యాలెండరు ఇచ్చి లెక్కపెట్టించు: అక్టోబరు 2 నుంచి డిసెంబరు 22కి ఎన్ని రోజులు, అక్కణ్నుంచి మార్చి 10కి ఎన్ని రోజులు? రెండూ ఎనభైకి అటూ ఇటూ. డిసెంబరు 22 ప్రాంతంలో సూర్యుడు దక్షిణపు కొసకి వెళ్లి వెనక్కి తిరుగుతాడు. వెళ్లేటప్పుడు ఎక్కడ పొడిచాడో, తిరిగొచ్చేటప్పుడూ అన్ని రోజులకి అక్కడే పొడుస్తాడు. గుమ్మాలు ఆ చోటుకి సూటిగా పెట్టారు.

మీ డాబా మీంచి తూర్పున ఏం కనిపిస్తాయి? కొబ్బరిచెట్టు, వాటర్ ట్యాంకు, సెల్ టవరు, ఏవైనా సరే, పుస్తకంలో వరసగా బొమ్మ వేయించి, వారానికోరోజు సూర్యుడు దేని పక్కన పొడిచాడో గీత పెట్టించు. ఎప్పుడూ ఒకే చోట నిలబడాలి, కింద ముగ్గుతో గుర్తు వెయ్యి. చెయ్యి చాచి చూస్తే ఈ నెలలో వారానికి రెండు వేళ్ల వెడల్పు ఉత్తరానికి జరుగుతాడు. ఎర్రటి అంచు పైకి రాగానే గుర్తు పెట్టి చూపు తిప్పెయ్యాలి, పూర్తిగా పొడిచాక అటు చూడ్డాలు లేవు. ఈ ఒక్క విషయంలో కఠినంగా ఉండు.

ఇక చిన్నోడికి కదిలేది కావాలి, నీడలూ గీతలూ వాడికి పట్టవు. మీ పెరట్లో కరివేపాకు ఉందిగా, లేకపోతే ఎవరింట్లోనైనా నిమ్మచెట్టు. లేత ఆకుల మీద భూతద్దంతో వెతకమను. ఆవగింజకన్నా చిన్న, లేత పసుపు సీతాకోకచిలుక గుడ్లు కనిపిస్తాయి, ఒక్కోటీ విడిగా. మూడు నాలుగు రోజులకి పురుగు బయటికొస్తుంది. అచ్చం పిట్ట రెట్టలా నల్లగా, మధ్యలో తెల్ల మచ్చతో ఉంటుంది, పిట్టలు తినకుండా ఆ వేషం. కొన్నాళ్లకి కుబుసం విడిచి ఆకుపచ్చగా తేలుతుంది. అప్పుడు చీపురుపుల్లతో తల వెనక మెల్లిగా తాకితే రెండు నారింజరంగు కొమ్ములు బయటికి తోసి కంపు కొడుతుంది. మా ఇంట్లో ఒక గుంట ఆ కంపుకి భయపడి పారిపోయి, రెండు నిమిషాల్లో మళ్లీ తాకడానికి వచ్చింది.

వెడల్పు మూతి సీసాలో పెట్టి పెంచండి. మూత బిగించొద్దు, పల్చటి గుడ్డ కట్టి రబ్బరుబ్యాండు వెయ్యండి. నేను మొదటిసారి మూతకి బెజ్జాలు పెడితే చాలనుకున్నాను, లోపల చెమ్మ పట్టి ఆకులు కుళ్లి మూడూ చచ్చాయి. రోజూ కొత్త ఆకు వెయ్యాలి, పాత ఆకులూ పెంటికలూ దులిపెయ్యాలి. సీసాలో ఓ పుల్ల వాలుగా పెట్టు. రెండు వారాల తర్వాత ఒకరోజు తిండి మానేసి, నీళ్ల విరేచనం అయినట్టు చేసి, గాభరాగా తిరుగుతుంది. జబ్బు చేసిందని పిల్లలు ఏడుస్తారు. జబ్బు కాదు, గూడు కట్టే చోటు వెతుక్కుంటోంది. పుల్లకి నడుం చుట్టూ ఒక్క పట్టుదారంతో తనని తాను కట్టుకుని, మర్నాటికి ప్యూపా అవుతుంది. వారం పది రోజులకి పైపొర పల్చబడి లోపలి రెక్కల మచ్చలు కనిపిస్తే, మర్నాడు పొద్దున సీసా దగ్గర కాపలా కాయండి. బయటికొచ్చినప్పుడు రెక్కలు తడి గుడ్డపేలికల్లా ముడతలు పడి ఉంటాయి. ఓ గంట వేలాడనివ్వాలి, ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. సాయం చేస్తామని చేత్తో లాగితే ఆ రెక్కలు ఇంక విచ్చుకోవు.

ఇంకోటుంది. ఒక్కోసారి ప్యూపాకి చిన్న బెజ్జం పడి, సీతాకోకచిలుకకి బదులు బోలెడు చిన్న చిన్న కందిరీగలు బయటికొస్తాయి. వాటి తల్లి ముందే వచ్చి లోపల గుడ్లు పెట్టేసిందన్నమాట. అప్పుడు సీసా దాచేసి, "ఎగిరిపోయింది నాన్నా" అని చెప్పకు. అదీ కుడి పేజీలోకే వెళ్లాలి.

మామిడికి ఇప్పటికే కాస్త ఆలస్యమైంది. అయినా మీ తోటలో సువర్ణరేఖ చెట్టుకి ఇంకా విచ్చుకోని పూగుత్తులు మిగిలి ఉంటే, ఒకదానికి పాత దోమతెర ముక్క కట్టి, పక్కదాన్ని ఎర్రదారంతో గుర్తుపెట్టి వదిలెయ్యండి. ఒక్క గుత్తిలో వందలకొద్దీ పూలుంటాయి, చాలావాటికి కాయ కట్టే యోగ్యతే లేదు, అవి మగపూలు. మిగిలిన వాటికి పుప్పొడి మోసేది ఎక్కువగా ఈగలే. తెర కట్టిన గుత్తికి పిందెలు బాగా తగ్గుతాయి. ఎర్రదారం గుత్తికి పడ్డ పిందెల్ని వారం వారం లెక్కపెడితే, అవి రాలిపోతూ చివరికి ఒకటో రెండో మిగులుతాయి. ఏమీ మిగలకపోయినా ఆశ్చర్యపోకు.

జీడిమామిడి తోటకి వెళ్తే ఒకటే చూపించు: పిక్క ముందు పెరుగుతుంది, పండు తర్వాత ఉబ్బుతుంది. ఒకే కొమ్మ మీద అన్ని దశలూ కనిపిస్తాయి. కానీ పచ్చి జీడిపిక్క కొరకనివ్వకు, గోటితో గిల్లనివ్వకు. ఆ తొక్కలో జీడి తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది, పలాసలో పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు చూస్తే తెలుస్తుంది. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు, గన్నేరు ఏ భాగమూ నోట్లో పెట్టకూడదు. ఇంకా, కంచెల మీద ఎండిన దూలగొండి కాయలు ఈ రోజుల్లోనే పగులుతాయి. గాలివాటున నిలబడినా దురద. పొద్దున తొమ్మిదిలోపు ఇంటికి చేరిపోండి.

మధ్యాహ్నాలు ఇంట్లో ఉన్నప్పుడు ఎర్ర మందారపూలు వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లలో ఒక గ్లాసులో నిమ్మరసం, ఇంకోదాంట్లో సున్నపు తేట నువ్వే పొయ్యి. రంగులు నేను చెప్పను, నువ్వు కూడా ఎడమ పేజీ రాయి.

పక్షులు చూడ్డానికి తేలినీలాపురం వెళ్లాలనుకుంటే మార్చి దాటనివ్వొద్దు. పెలికాన్లూ, పెయింటెడ్ స్టార్క్ కొంగలూ చలికాలం ముందు వచ్చి, ఊళ్లో చింతచెట్ల మీద పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరేసరికి ఎగిరిపోతాయి. అన్ని గూళ్లూ చూడ్డానికి పరిగెత్తొద్దు. ఒక గూడు పట్టుకుని అరగంటలో తల్లీతండ్రీ ఎన్నిసార్లు వచ్చారో గీతలు గీయమను. సముద్రపు తాబేళ్ల పిల్లల్ని వదలడం చూపించాలంటే మార్చి, ఏప్రిల్‌లో మన తీరంలో అటవీశాఖ వాళ్లు తాబేలు గుడ్లు పొదిగించే హేచరీ ఎక్కడ పెట్టారో కనుక్కుని వెళ్లు. ఇసక వేడిని బట్టి ఆడో మగో తేలుతుందని పెద్దదానికి దారిలోనే చెప్పొచ్చు, అది చూసి కనిపెట్టేది కాదు. టార్చి మాత్రం తీసుకెళ్లకండి, వెలుతురు ఎటుంటే పిల్ల తాబేళ్లు అటు పోతాయి.

ఇన్నీ చెయ్యక్కర్లేదు. నీడా, సీసా రెండూ సాగితే ఈ ఏడుకి నాకు చాలు. ఉగాదికి ఎలాగూ వస్తారుగా, పుస్తకాలు మర్చిపోకుండా తెండి, నేను ముందు ఎడమ పేజీలే చూస్తాను. ఆ సీసా కూడా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెస్తానంటాడు చిన్నోడు, తేనీ. మీ అమ్మకి మాత్రం అందులో ఏముందో ముందుగా చెప్పకు.

మీ పెద్దమ్మ