ఓర్పు కంటే ముందు కావలసినవి

ప్రశ్న: నాలుగేళ్లుగా ఈక్విటీ ఫండ్లలో మదుపు చేస్తున్నాను. మార్కెట్ పడిన రెండుసార్లూ భయపడి అమ్మేశాను. కోలుకున్నాక ఎక్కువ ధరకు మళ్లీ కొన్నాను. విడిగా దాచుకున్న సొమ్ము ఏమీ లేదు. ఓర్పు, మితం వంటి సుగుణాలు నాలో లేకపోవడమే ఈ నష్టానికి కారణమా?

జవాబు: మీ ఉత్తరంలో ఓర్పు గురించి రాసిన మాటల కంటే, విడిగా దాచుకున్న సొమ్ము లేదన్న చిన్న వాక్యమే నాకు ముఖ్యంగా కనిపించింది. వచ్చే నెలలో అవసరపడగల డబ్బూ, ఇరవై ఏళ్ల తర్వాత కావలసిన డబ్బూ ఒకేచోట ఉన్నప్పుడు, మార్కెట్ పడితే ఎంతటి నిబ్బరం గలవారికైనా భయం కలుగుతుంది, అది అకారణమైన భయం కూడా కాదు. సగానికి పడిన సొమ్ము మళ్లీ మొదటి విలువకు చేరాలంటే నూరు శాతం పెరగాలి. అంతవరకు ఆగే వెసులుబాటు లేనివారిని ఓర్చుకోమనడం న్యాయం కాదు. మీకు ముందుగా కావలసింది మితం, అంటే ఎంత నష్టాన్ని తట్టుకోగలరో అంతవరకే మార్కెట్లో ఉంచడం.

తెలివి ఈ లోటును పూడ్చదు. 1720లో బ్రిటన్‌కు చెందిన సౌత్ సీ అనే వాణిజ్య కంపెనీ షేర్లను లాభానికి అమ్ముకున్న ఐజాక్ న్యూటన్, ధర ఇంకా పెరగడం చూసి, మరింత ఎక్కువకు మళ్లీ కొని, ఆ తర్వాత ధర కూలిపోవడంతో భారీగా నష్టపోయాడు. కాబట్టి మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

ఓర్పు విలువ మాత్రం చాలా పెద్దది. ఏటా 8 శాతం చక్రవడ్డీతో పెరిగే సొమ్ము 20 ఏళ్లకు సుమారు 4.7 రెట్లు, 30 ఏళ్లకు సుమారు 10 రెట్లు అవుతుంది. అంటే చివరి మొత్తంలో సగానికి పైగా ఆఖరి పదేళ్లలోనే చేరుతుంది. ఏటా 1 శాతం ఫండ్ నిర్వహణ రుసుముల కింద పోయి రాబడి 7 శాతానికి తగ్గితే, ఆ పది రెట్లు దాదాపు 7.6 రెట్లకే పరిమితమవుతాయి. రుసుము తక్కువ ఉన్న పథకాన్ని ఎంచుకోవడం కూడా మితంలో భాగమేనని నేను నమ్ముతాను.

అయితే వివేకం లేని ఓర్పు మొండితనమే అవుతుంది. జపాన్ షేర్ మార్కెట్ సూచీ నిక్కీ 1989 డిసెంబరు నాటి గరిష్ఠ స్థాయిని దాటడానికి 2024 ఫిబ్రవరి వరకు, అంటే 34 ఏళ్లకు పైగా పట్టింది. ఒకే దేశపు, ఒకే రంగపు షేర్లను పట్టుకుని కూర్చోవడం ఓర్పు అనిపించుకోదు. మన అంచనా తప్పు కావచ్చని ఒప్పుకునే వినయం ఉన్నవారే సొమ్మును పలుచోట్ల పెడతారు.

మీరిప్పుడు చేయవలసిన పని: ఆరు నెలల ఖర్చులకు సరిపడే మొత్తాన్ని ఫండ్ల నుంచి తీసి, అసలుకు ముప్పు లేని, వెంటనే తీసుకోగల డిపాజిట్లో వేయండి. మిగిలినదాన్ని ఎందుకోసం, ఎన్నేళ్ల కోసం ఉంచుతున్నారో, ఏ పరిస్థితిలో అమ్ముతారో కాగితంపై రాసి, ఇంట్లో మీపై ఆధారపడినవారికి చదివి వినిపించండి. నష్టభయం వారిదీ అయినప్పుడు నిర్ణయం మీ ఒక్కరిదే కావడం సరికాదు. మార్కెట్ మళ్లీ పడిన రోజున, అమ్మకపు ఆదేశం ఇచ్చే ముందు, ఆ కాగితాన్ని వారితో కలిసి చదవండి.