చదివింపుల లిస్టూ, విండోస్ 11

“పన్నెండేళ్ల నాటి డెస్క్‌టాప్ ఉంది, బాగానే పనిచేస్తోంది. విండోస్ 10కి సపోర్టు ఆగిపోయిందంటున్నారు. 11 వేయించుకోవాలా, ఉన్నదాంతోనే నెట్టుకురావచ్చా?” అని మీ ప్రశ్న.

వేయించకండి. ప్రాసెసర్, ర్యామ్ లెక్కలు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను మా నాన్నగారి చదివింపుల లిస్టు గురించి చెబుతాను. అది విన్నాక మీ ఇష్టం.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా. మహేంద్రతనయ మీద వంతెన దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బజార్లో రెండూ, ఆఫీసులో ఒడియా. చుట్టాలు మాత్రం టెక్కలి నుంచి గుణుపురం, రాయగడ దాకా పరుచుకుని ఉన్నారు. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే నెలకి నాలుగైదు శుభలేఖలు. శుభలేఖ రాగానే మా ఇంట్లో మొదటి ప్రశ్న ముహూర్తం ఎప్పుడని కాదు, “మనకి వాళ్లు ఎంత చదివించారు?” అని.

నా పెళ్లి 2009లో అయింది. ఆ నోటుపుస్తకం, చెల్లి పెళ్లిది, గృహప్రవేశానిది, మా వాడి అన్నప్రాసనది, అన్నీ కలిపి 2013లో కంప్యూటర్ కొన్న ఏడాదే నాన్న టైపు చేసేశారు. ఇంటిపేరు, పేరు, ఊరు, అంకె. ఏడువందల వరసలకి తక్కువ ఉండవు. కోర్టులో గుమస్తాగా చేసిన మనిషి, ఒక్క వరస వంకర పోనివ్వరు. అయితే ఆయన కొట్టింది స్నేహితుడి ప్రెస్సులో నేర్చుకున్న పాత డీటీపీ ఫాంటులో. అప్పటికి యూనికోడ్, అంటే అన్ని భాషల అక్షరాలనీ ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే పద్ధతి, లేక కాదు. విండోస్ ఎక్స్‌పీ నాటి నుంచే ఆ పద్ధతిలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉంది. కానీ వేళ్లు ఒక కీబోర్డుకి అలవాటు పడ్డాక ఇంకోదానికి లొంగవు.

2020లో విండోస్ 7 కాలం చెల్లినప్పుడు దాని మీదే 10 ఎక్కించాం. ఫాంట్లు, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. అదే మా కొంప ముంచింది. అప్‌గ్రేడ్ అంటే గోడలకి సున్నం వేయించడం లాంటిదే అనుకున్నాం.

2025 అక్టోబర్ 14న విండోస్ 10 వంతు వచ్చింది. 11కి పనికొస్తుందా అని చెక్ చేస్తే రాదంది. టీపీఎం 2.0 అనే చిప్పు ఉండాలట, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి పైవి కావాలట. మాది మూడో తరం ఐ3. పిల్ల బాగుంది, చదువుంది, కానీ జాతకంలో ఒక గ్రహం చాల్లేదు అన్నట్టుంది వ్యవహారం. పొద్దున్నే స్విచ్ వేస్తే నిక్షేపంగా లేచే మిషన్‌ని అలా పనికిరానిదాని కింద కట్టేస్తే ఎవరికైనా మండుతుంది.

బరంపురంలో ఇంజినీరింగ్ చదువుతున్న మేనల్లుడు దీపావళికి వచ్చి, “మావయ్యా, ఆ చెకింగ్ తప్పించే దారి ఉంది, నేను చేస్తా కదా” అన్నాడు. ఇన్‌స్టాల్ ఫైలు ఐదు జీబీ పైమాటే. నా ప్యాక్ రోజుకి రెండు జీబీ. నాది, మా ఆవిడది, నాన్నది, మూడు ఫోన్ల హాట్‌స్పాట్‌లు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి దింపాం. ఆ రోజంతా మా ఆవిడ ఫోన్‌లో సీరియల్ చూడలేదు. ఆ సంగతి ఇప్పటికీ గుర్తు చేస్తూనే ఉంటుంది.

రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టాం. నల్లటి తెర మీద గుండ్రంగా చుక్కలు తిరుగుతూ, 61 శాతం దగ్గర కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఏడాది దాటింది, మార్చాలి మార్చాలి అనుకుంటూనే ఉన్నాం. అది రెండుసార్లు కుయ్‌మని ఊరుకుంది. డాబా ఎక్కి చూస్తే ఏటి అవతల పాతపట్నంలో దీపాలు వెలుగుతున్నాయి. ఎప్పుడూ ఇంతే. మాకు పోయినప్పుడు వాళ్లకి ఉంటుంది, వాళ్లకి పోయినప్పుడు మాకు ఉంటుంది. రాష్ట్రాలు వేరు, తీగలు వేరు.

మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చింది. ఏళ్ల తరబడి ఇక్కడే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు అది సహించలేక ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మా తాతలు ఎక్కడికీ వెళ్లలేదు. రాత్రి పడుకునేటప్పటికి ఒక సిస్టమ్, తెల్లారేసరికి ఇంకో సిస్టమ్. ఇల్లు అదే, మనుషులు వాళ్లే. కచేరీ కాయితాలు మాత్రం రానురాను తాతలకి చదవడం రాని లిపిలోకి మారిపోయాయి. అప్‌గ్రేడ్ అంటే ఏమిటో మా ఊరికి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు.

కరెంటు వచ్చాక కంప్యూటర్ లేవలేదు. అటు 11 కాదు, ఇటు 10 కాదు. మేనల్లుడు అర్ధరాత్రి దాకా కుస్తీ పట్టి, పొద్దున్నే బరంపురం బస్సెక్కేశాడు.

బజార్లో రిపేరు షాపుకి మోసుకెళ్లాం. అక్కడి కుర్రాడు మంచివాడే. సగం తెలుగు, సగం ఒడియా. నాన్న ఒకటికి నాలుగుసార్లు అడిగారు, “డి డ్రైవ్‌లో ఉన్నవి పోవు కదా బాబూ?” అని. “డి ముట్టుకోను తాతగారూ, సి ఒక్కటే ఫార్మాట్” అన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. సాయంత్రానికి “హెలా”, అంటే అయిపోయింది, అని చేతిలో పెట్టాడు. మిషన్ ఝామ్మని లేచింది. మేమూ సంబరపడ్డాం.

రెండు వారాలు ఎవరికీ ఏమీ తెలియలేదు. కార్తీకంలో గుణుపురం నుంచి శుభలేఖ వచ్చింది. పెళ్లి ముందు రోజు రాత్రి నాన్న కళ్లజోడు తుడుచుకుని లిస్టు తెరిచారు.

తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు. మధ్యమధ్యలో ప్లస్సులు, డాలర్లు, నెత్తిన టోపీలు పెట్టుకున్న ‘ఎ’లు, ‘ఓ’లు. కుడి చేతి వైపు నిలువు గడిలో మాత్రం 116, 516, 1116, 216 అని వరసగా, శుభ్రంగా అంకెలు.

“ఇదేటిరా?” అన్నారు నాన్న. కాసేపు చూసి, “అంకెలున్నాయి, మనుషులు ఎల్లిపోనారు” అన్నారు.

సంగతేమిటంటే, ఆ పాత ఫాంట్లన్నీ మారువేషాలు. కంప్యూటర్ దృష్టిలో అక్కడ తెలుగు ఎప్పుడూ లేదు. ఇంగ్లీషు అక్షరం ఉండాల్సిన చోట ‘క’ బొమ్మ, డాలర్ ఉండాల్సిన చోట ఏదో ఒత్తు బొమ్మ పెట్టి నడిపించారు. ఫైలు డి డ్రైవ్‌లో భద్రంగానే ఉంది. బొమ్మలున్న ఫాంటు సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్‌లో ఉంది, ఫార్మాట్‌తో పోయింది. వేషం తీసేస్తే మిగిలేది ఆ గోలే. యూనికోడ్‌లో కొట్టి ఉంటే ఆ ఫాంటు లేకపోయినా ఇంకో తెలుగు ఫాంటు వచ్చి ఆదుకునేది.

నాన్న ఊరుకుంటారా? పెన్సిలూ కాయితం తీసుకుని కూర్చున్నారు. చాలా వరసల్లో పేరు చివర ఒకే మూడు గుర్తులు వస్తున్నాయి. “ఇది రావు” అన్నారు. ఇంకోటి పట్టుకుని “ఇది మూర్తి” అన్నారు. గంటన్నరలో ఇరవై మంది రావుల్ని పట్టాం, వాళ్లలో ఏ రావు ఎవరో తెలియదు. ఊరి పేరులో ‘ణ’ ఎలా ఉంటుందో తేలితే గుణుపురం దొరుకుతుందని ఆయన ఆశ. తేలలేదు. ఒక వరసలో అంకెల గడిలో వట్టి 1 అని ఉంది, వెనకాల ఏవో గుర్తులు. “ఎవడ్రా ఈ మహానుభావుడు, ఒక్క రూపాయి చదివించాడు!” అని అందరం పడీపడీ నవ్వాం. మా అమ్మ కూడా.

పొద్దున్నే పెన్‌డ్రైవ్ పట్టుకుని షాపు కుర్రాడి దగ్గరికి పరిగెత్తాను. ఒడియా ఫాంట్లు ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి వాడి దగ్గర. తెలుగుది ఒక్కటీ లేదు. “పాతపట్నం వెళ్లండి అన్నా” అన్నాడు. తెలుగు మాట్లాడుకునే ఊళ్లో తెలుగు ఫాంటు కోసం రాష్ట్రం దాటాలి. దీని గురించి మొదలుపెడితే ఈ జవాబు ఇప్పట్లో ముగియదు కాబట్టి వదిలేస్తున్నా.

పాతపట్నంలో పాత డీటీపీ ఆయన ఒకరున్నారు. గోడకి పాత శుభలేఖల నమూనాలు, బల్ల మీద పసుపు రంగుకి తిరిగిన డబ్బా మానిటర్, లోపల విండోస్ ఎక్స్‌పీ. దానికి సపోర్టు 2014 ఏప్రిల్ 8నే ఆగిపోయింది. “దీనికి నెట్టు తీగ ఇవ్వలేదు బాబూ, అందుకే బతికింది” అన్నారాయన. పెన్‌డ్రైవ్ పెట్టి, ఫైలు తెరిచి, ఫాంటు ఎంచి ఒక్క నొక్కు నొక్కారు. మా చుట్టాలందరూ ఒకేసారి గుంపుగా ఇంటికొచ్చినట్టు తెర మీద ప్రత్యక్షమయ్యారు. నిజంగా నాకు కళ్లు చెమర్చాయి. ఫాంటు కాపీ చేసి ఇచ్చి, ఇరవై రూపాయలు తీసుకున్నారు.

ఇంతకీ మీ ప్రశ్న. ఇంట్లో వాడుకునే విండోస్ 10కి భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా పొడిగించుకునే వీలుంది. వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకోవచ్చు. అది తెలిసి ఉంటే ఆ మూడు ఫోన్ల డేటా తగలేసేవాణ్ని కాదు. ఈలోగా సి డ్రైవ్‌లో విండోస్, దాని లోపల ఫాంట్స్ అనే ఫోల్డర్ మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి బీరువాలో పెట్టండి, నగలతో పాటు. అప్‌గ్రేడ్ అయ్యాక నచ్చకపోతే పది రోజుల్లో వెనక్కి వెళ్లొచ్చంటారు. అది మామూలుగా మారినవాళ్లకి. ఫార్మాట్ కొట్టించినవాళ్లకి ఆ దారి లేదు. గౌతమిలో కొట్టినవి వేరే రూపంలో కనిపిస్తే కంగారుపడకండి. 10, 11లలో దాన్ని ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్లి తెలుగు అదనపు ఫాంట్లు అన్నచోట వేసుకోవాలి. మెనూలు తెలుగులో పెట్టుకుందామని మాత్రం చూడకండి. నేను పెట్టి చూశాను. ఆ తెలుగు గ్రాంథికానికి దగ్గర చుట్టం. వాడుక భాష కోసం అంత పోరు జరిగిన ఊళ్లో కూర్చుని ఆ మెనూలు చదవాల్సి రావడం నా కర్మ. మా ప్రింటర్ కూడా ఆ ఫార్మాట్ రోజు నుంచి పలకడం లేదు. అది ఇంకో కథ.

పాతపట్నంలోనే ఆ డబ్బా మానిటర్ ముందు వంగి గుణుపురం వరస వెతికాను. దొరికింది. అంకెల గడిలో 1 అని ఉంది. దాని వెనకాల రాత్రి మేం చూసి నవ్విన గుర్తులు ఇప్పుడు తెలుగులో చక్కగా చదవడానికి వస్తున్నాయి: “స్టీలు బిందె”.

ఇంటికి ఫోన్ చేసి చెబితే అమ్మ, “ఆ బిందే కదరా, మోటారు పాడైనప్పుడల్లా మనం నీళ్లు పట్టేది” అంది. తిరుగు దారిలో పాతపట్నం బజార్లోనే అంతకంటే కాస్త పెద్ద బిందె ఒకటి కొని, మధ్యాహ్నం గుణుపురం రైలెక్కాం.