ఎఫ్ఎం రేడియో చరిత్ర రాస్తున్న యువ మిత్రునికి

మిత్రమా,

టైమ్స్ సంస్థవారి ప్రైవేటు ఎఫ్ఎం రేడియో మిర్చి చరిత్ర మీద మీరు రాస్తున్న పుస్తకంలో మొదటి మూడు అధ్యాయాలు, చివరి అధ్యాయం ముసాయిదా చదివాను. సినిమా పాట మీద మీకున్న ప్రేమ, ఆర్జేల (రేడియో వ్యాఖ్యాతల) మాటతీరును పట్టుకోగలిగిన చెవి ప్రతి పేజీలోనూ కనిపిస్తున్నాయి కాబట్టి, వాటిని మెచ్చుకుంటూ కూర్చోక, రాతప్రతిలో లేనిదాని గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ పాటలు, ఆ కబుర్లు ఏ షరతుల మీద మన ఇళ్లలోకి వచ్చాయో మీ పుస్తకంలో లేదు. పత్రిక పాత సంచిక ఏదో ఒక గ్రంథాలయంలో దొరుకుతుంది. రేడియోలో వినిపించిన మాట మాత్రం ఆ నిమిషంతోనే చెల్లిపోతుంది, ఆ తరువాత మిగిలేవి శ్రోతల జ్ఞాపకాలు, ప్రభుత్వ ఉత్తర్వులు, కోర్టు తీర్పులు, జమాఖర్చుల లెక్కలు మాత్రమే. మీరు జ్ఞాపకాలను మాత్రమే నమ్ముకున్నారు. తక్కినవి కూడా చదివి, ఏ షరతు ఏ ధ్వనిని పుట్టించిందో చూపగలిగితేనే ఇది చరిత్ర అవుతుంది, లేకపోతే అభినందన సంచికగా మిగిలిపోతుంది.

మీరు 2001 అక్టోబరులో ఇందౌర్‌లో తొలి కేంద్రం ప్రారంభమైన ఘట్టంతో కథ మొదలుపెట్టారు. నా సలహా ఏమిటంటే, కనీసం 1952 దాకా వెనక్కి వెళ్లండి. ఆ సంవత్సరం కేంద్రంలో సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా పాటను చిన్నచూపు చూడటం, ఆకాశవాణి నుంచి ఆ పాటలు దాదాపు మాయం కావడం, అదే డిసెంబరులో కొలంబో నుంచి రేడియో సిలోన్ వాణిజ్య విభాగం ‘బినాకా గీత్‌మాలా’ను ప్రసారం చెయ్యడం మొదలుపెట్టడం, ఇవన్నీ ఒకే గొలుసులోని సంగతులు. అమీన్ సయానీ ఆ కార్యక్రమాన్ని బొంబాయిలో రికార్డు చేసేవారు, టేపులు విమానంలో కొలంబో చేరేవి, అక్కడి నుంచి షార్ట్‌వేవ్ మీద పాటలు తిరిగి మన దేశానికే వచ్చేవి. మన శ్రోతకు మన పాట వినిపించడానికి బినాకా టూత్‌పేస్టు ప్రకటనదారు సముద్రం దాటి వెళ్లాల్సి వచ్చిందంటే, అందుకు కారణం ఇక్కడి ఆంక్షలే. ఆ సిలోన్ కేంద్రం తెలుగు పాటలకూ కొంత సమయం ఇచ్చింది కనుక, ఆ తరం తెలుగు శ్రోతలను అడిగితే మీకు మంచి పేజీలు దొరుకుతాయి. 1957 అక్టోబరులో ఆకాశవాణి వివిధ భారతిని ప్రారంభించడం ఆ పోటీకి చెప్పిన జవాబే. అయితే అందులో వాణిజ్య ప్రకటనలకు చోటివ్వడానికి 1967 దాకా ఆగారు. విజయవాడ వివిధ భారతి ‘జనరంజని’లో శ్రోతల పేర్లు, ఊళ్ల పేర్లు వరసగా చదివి పాట వేసే పద్ధతిని మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఇప్పటి ఎఫ్ఎంలో ఫోను కలిపి పేరు చెప్పించుకునే శ్రోత ఆ ఉత్తరాల శ్రోతకు వారసుడే కాబట్టి, అక్కడ ఇంకో పేజీ నిలవండి.

ఇక 1990ల గురించి. 1993లో ఆకాశవాణి తన ఎఫ్ఎం ప్రసార సమయాన్ని ప్రైవేటు సంస్థలకు అద్దెకిచ్చినప్పుడు, టైమ్స్ సంస్థ ‘టైమ్స్ ఎఫ్ఎం’ పేరుతో కార్యక్రమాలు నడిపిందనీ, 1998లో ప్రభుత్వం ఆ ఒప్పందాలను పొడిగించలేదనీ మీకు తెలిసే ఉంటుంది, కానీ రాతప్రతిలో ఆ ప్రస్తావన లేదు. మిర్చి 2001లో శూన్యంలోంచి పుట్టలేదు. అద్దె ఇంట్లో ఐదేళ్లు ఉండి ఖాళీ చేయించబడ్డ సంస్థే, సొంత ఇంటి కోసం వేలంపాటకు వచ్చింది. మిర్చిని నడిపే ఎంటర్‌టైన్‌మెంట్ నెట్‌వర్క్ ఇండియా అన్న కంపెనీ ఆ సందర్భంలో ఏర్పడిందే.

1995 ఫిబ్రవరి నాటి సుప్రీంకోర్టు తీర్పు గురించి మీరు రాసిన పేరాను పూర్తిగా తిరగరాయాలి. ‘ఆ తీర్పు ప్రైవేటు రేడియోకు తలుపులు తెరిచింది’ అన్నారు. నిజానికి ఆ వివాదం క్రికెట్ మ్యాచ్‌ల టెలివిజన్ ప్రసారం గురించి, పశ్చిమ బెంగాల్ క్రికెట్ సంఘానికీ సమాచార ప్రసార శాఖకూ మధ్య నడిచింది. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అనీ, వాటి మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం ఉండకూడదనీ, వాటి వినియోగాన్ని ఒక స్వతంత్ర ప్రజాసంస్థ నియంత్రించాలనీ కోర్టు చెప్పింది. ప్రభుత్వం ఆ మాటల్లో మొదటిదాన్ని పట్టుకుని వేలం పెట్టింది, స్వతంత్ర సంస్థ మాటను పక్కన పెట్టింది. ప్రజల ఆస్తి అన్న సూత్రం వేలంలో ఎక్కువ పాడినవాడికి ఇచ్చే పద్ధతిగా ఎలా మారిందన్నది మీ పుస్తకానికి వెన్నెముక కాగల ప్రశ్న. తీర్పును ఎవరో రాసిన సారాంశంలో కాకుండా పూర్తి పాఠంలో చదివి రాయండి.

ప్రైవేటు ఎఫ్ఎం లైసెన్సుల మొదటి దశ వేలం మీద మీరు అరపేజీ కూడా ఖర్చు చెయ్యలేదు. నాకైతే ఈ కథ మొత్తంలో అదే అసలైన నాటకం. ప్రభుత్వం 40 నగరాల్లో 108 ఫ్రీక్వెన్సీలు అమ్మకానికి పెట్టింది. చివరికి 12 నగరాల్లో 21 కేంద్రాలు మాత్రమే గాలిలోకి వచ్చాయి. ఆ పన్నెండింటిలో తెలుగు నగరం విశాఖపట్నం ఒక్కటే, హైదరాబాద్ లేదు. ఎందుకిలా అయిందో లెక్క వేసి చూపండి. వేలంలో పాడిన మొత్తాన్ని లైసెన్సుదారు ఏటా చెల్లించాలి, పైగా అది ఏడాదికి 15 శాతం చొప్పున పెరుగుతూ పోయేది, ప్రకటనల ఆదాయం వచ్చినా రాకపోయినా ఆ రుసుము ఆగేది కాదు. ముంబైలో తొలి ఏడాది రుసుము 9.75 కోట్ల రూపాయలు. అదే లెక్కన పదో ఏడాదికి అది 34 కోట్లు దాటుతుంది. ఎఫ్ఎం సెట్లు ఇంకా అందరి ఇళ్లలోకీ రాని కాలంలో, ప్రకటనదారు రేడియోను మరిచిపోయిన కాలంలో, ఈ భారాన్ని మోసినవాడు ప్రయోగాలు చెయ్యగలడా? అన్ని కేంద్రాలూ అవే పది కొత్త పాటలు తిప్పి తిప్పి వేశాయని శ్రోతలు విసుక్కున్నారు, మీరూ విసుక్కున్నారు. ఆ విసుగు న్యాయమైనదే, కానీ దాని మూలం స్టూడియోలో మాత్రమే లేదు, లైసెన్సు పత్రంలోనూ ఉంది. ఈ ఒక్క సంబంధాన్ని పాఠకుడికి స్పష్టంగా చూపిస్తే, భాషను పాడుచేశారు, అభిరుచిని పాడుచేశారు అనే నింద పేరాలు మీకు సగం అక్కరలేకుండా పోతాయి.

ఈ రుసుము పద్ధతిని సమీక్షించడానికి అమిత్ మిత్రా అధ్యక్షతన ప్రభుత్వం వేసిన కమిటీ ఆదాయంలో వాటా పద్ధతిని సూచించింది. 2005 నాటి రెండో దశ విధానం స్థిర రుసుముకు బదులు ఒకేసారి చెల్లించే ప్రవేశ రుసుమును, ఆపైన ఏటా స్థూల ఆదాయంలో 4 శాతాన్ని పెట్టింది. మిర్చి ఏడు కేంద్రాల నుంచి 32 కేంద్రాలకు పెరగడం ఈ మార్పు తరువాతి సంగతి. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం ఆ విస్తరణలోనే చేరాయి. వీలైనంత వరకు అన్ని ఊళ్లలోనూ 98.3 అన్న సంఖ్యనే నిలబెట్టుకోవాలన్న పట్టుదల కూడా ఆ కాలపు వ్యాపార విజ్ఞతే, ఎందుకంటే శ్రోత కేంద్రాన్ని పేరుతో ఎంతగా గుర్తుపెట్టుకుంటాడో అంకెతోనూ అంతే గుర్తుపెట్టుకుంటాడు. ఇంకో సంగతి మీ పాఠకులకు ఆసక్తి కలిగిస్తుంది: రెండో దశలో ఒక నగరంలోని ప్రైవేటు కేంద్రాలన్నీ ఉమ్మడి టవరు నుంచి ప్రసారం చెయ్యాలన్న నియమం వచ్చింది. స్టూడియోల్లో శత్రువుల్లా పోటీపడే సంస్థల ట్రాన్స్‌మిటర్లు పక్కపక్కనే ఉంటాయి. ఆ టవరు దగ్గర పనిచేసే ఇంజనీర్లను ఆర్జేల కంటే ముందు కలవండి, ఏ రోజు ఎందుకు ప్రసారం ఆగిందో వాళ్లకు ఆర్జేల కంటే బాగా గుర్తుంటుంది.

వార్తల నిషేధం గురించి మీరు ఎక్కడా రాయలేదు. పాటలూ కబుర్లే రేడియో అన్నది సహజమైన సంగతి అన్నట్టు సాగింది మీ కథనం. ప్రైవేటు ఎఫ్ఎంకు సొంత వార్తలు, వర్తమాన రాజకీయ వ్యాఖ్యానం చెప్పే అనుమతి మొదటినుంచీ లేదు. మూడో దశ విధానంలో కూడా ఆకాశవాణి బులెటిన్లను ఉన్నవి ఉన్నట్టు వినిపించే వెసులుబాటు మాత్రమే ఇచ్చారు. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షా ఫలితాలు, నీటి సరఫరా వంటి సమాచారాన్ని వార్తగా లెక్కించకుండా వదిలారు. ఇప్పుడు 2009 చివరి నుంచి 2014 దాకా హైదరాబాద్‌ను తలచుకోండి. నగరమంతా తెలంగాణ ఉద్యమం గురించి మాట్లాడుకుంటున్న రోజుల్లో, ఆ నగరపు ఎఫ్ఎం కేంద్రం నిబంధన ప్రకారం చెప్పగలిగింది ఏ రోడ్డు మూసేశారో, ఏ దారిన వెళ్లాలో అన్నంత వరకే. అది ఎందుకు మూసేశారన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆర్జే పాట వెయ్యాలి. ఆ కాలంలో పనిచేసినవారిని వెతికి, ఆ గీత మీద ఎలా నడిచారో అడగండి. ఇది ఇంకెవరూ రాయని అధ్యాయం కావచ్చు, అందుకే తొందరపడి అలంకారాలతో నింపకండి.

పాట వాడుకున్నందుకు హక్కుదారులకు చెల్లించే రాయల్టీ మాటకొస్తే, అది పొడి విషయమని మీరు దాటేశారని నా అనుమానం. పాటలు వేసే వ్యాపారంలో ముడిసరుకు ధర గురించి రాయకపోతే ఇంకేం రాసినట్టు? తొలి ఏళ్లలో సంగీత కంపెనీల సంఘం పాట వినిపించిన గంటల లెక్కన డబ్బు అడిగేది. రాత్రి రెండు గంటలకు ఎవరూ వినని పాటకూ మీటరు తిరిగేది. ఈ తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, మిర్చి కంపెనీకీ సూపర్ క్యాసెట్స్ అనే సంగీత కంపెనీకీ మధ్య 2008 మేలో వచ్చిన తీర్పులో, అసమంజసమైన షరతులు పెట్టడం కూడా అనుమతి నిరాకరణతో సమానం కావచ్చనీ, అటువంటప్పుడు కాపీరైట్ బోర్డు, హక్కుదారు ఒప్పుకోకపోయినా, పాట వాడుకునే నిర్బంధ లైసెన్సు ఇప్పించవచ్చనీ తేలింది. 2010 ఆగస్టులో బోర్డు రేడియో కేంద్రం నికర ప్రకటనల ఆదాయంలో 2 శాతాన్ని రాయల్టీగా నిర్ణయించింది. రేడియోవాళ్లు దీన్ని విముక్తి అన్నారు, సంగీత కంపెనీలు తమ ఆస్తిని చౌకగా కట్టబెట్టారన్నాయి. ఇద్దరి వాదనలనూ సమానమైన ఓపికతో రాయండి. మీ సానుభూతి రేడియో వైపు ఉందని తెలుస్తూనే ఉంది, ఉండనివ్వండి, కానీ పాటకు స్వరం కట్టినవారికీ మాట రాసినవారికీ ఈ లెక్కల్లో ఏమి దక్కిందో అడగకుండా అధ్యాయాన్ని ముగించకండి. తెలుగు పాటల హక్కుల విషయంలో ఆదిత్య మ్యూజిక్ వంటి సంస్థల పాత్రనూ ఇక్కడే చర్చించాలి.

‘నంబర్ వన్’ అన్న మాట మీ రాతప్రతిలో చాలాసార్లు కనిపించింది. ఏ కొలమానం ప్రకారం, ఏ నగరంలో, ఏ వయసువారిలో అన్నది చెప్పకుండా ఆ మాట రాయకండి. ఎంచుకున్న శ్రోతలు తాము విన్నది డైరీలో రాసుకునే పద్ధతిలో రేడియో శ్రోతల కొలత 2007లో బెంగళూరు, ఢిల్లీ, ముంబైలలో మొదలైంది. ఆ మూడు నగరాల డైరీలను బట్టి విజయవాడ శ్రోత గురించి తీర్మానాలు చెయ్యలేం. ప్రకటన ఫలకాల మీద ప్రతి కేంద్రమూ ఏదో ఒక విధంగా మొదటి స్థానంలోనే ఉంటుంది, ఆ సంగతిని సరదాగా ఒక పేరాలో రాసినా తప్పులేదు.

ఆధారాల గురించి ఒక్క మాట. మిర్చి కంపెనీ 2006లో స్టాక్ మార్కెట్‌కు వచ్చింది కాబట్టి, అప్పటి ప్రాస్పెక్టస్ (వాటాలు అమ్మేముందు కంపెనీ ప్రకటించే వివరపత్రం), ఆ తరువాతి వార్షిక నివేదికలు ఎవరైనా చదవచ్చు. వార్షికోత్సవ ప్రసంగాల్లో కంపెనీ తన బలాలు చెప్పుకుంటుంది, ప్రాస్పెక్టస్‌లోని నష్టభయాల భాగంలో మాత్రం చట్టం బలవంతం మీద తన భయాలన్నీ వరసగా ఒప్పుకుంటుంది. లైసెన్సు రుసుము, రాయల్టీ కేసులు, పోటీ, ఒకరిద్దరు పేరున్న ఆర్జేల మీద ఆధారపడటం వంటి వాటిలో దేన్ని గురించి ఎంత భయపడిందో గమనించండి, మీ అధ్యాయాల క్రమం దానంతటదే తేలుతుంది. ఆర్జేలతో మీరు చేసిన సంభాషణలు తరువాత చేర్చుకోవచ్చు. వాటిలో హాస్యం బాగుంది, తియ్యకండి, కానీ ఒక్కొక్కరి పొగడ్తనూ పూర్తిగా అచ్చువెయ్యనక్కరలేదు.

చివరి అధ్యాయాన్ని అవార్డుల వేడుకతో ముగించారు. దాన్ని తీసేసి, 2015 వేలం దగ్గర ఆగమంటాను. ఆ మూడో దశ తొలి విడతలో 69 నగరాల్లో 135 చానళ్లు అమ్మకానికి పెడితే 56 నగరాల్లో 97 మాత్రమే పోయాయి, 38 మిగిలాయి. పెద్ద నగరాల కోసం కోట్లు గుమ్మరించినవారు కొన్ని ఊళ్ల వైపు చూడనే లేదు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం మరో 234 నగరాల్లో 730 చానళ్ల వేలానికి అనుమతిచ్చింది, అందులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాలూ ఉన్నాయి. పాటలు ఫోనులోకి వచ్చేసిన కాలంలో ఆ పట్టణాల్లో రేడియో పెట్టడానికి ఎవరు ముందుకొస్తారు, ఏ ప్రకటనల మీద బతుకుతారు అన్నది మీరు ఆ ఊళ్లకు వెళ్లి బట్టల దుకాణాలవారినీ, కోచింగ్ కేంద్రాలవారినీ అడిగి రాయవలసిన విషయం.

రాయల్టీ అధ్యాయం సిద్ధం కాగానే తక్కినవాటి కోసం ఆగకుండా అదొక్కటే పంపండి. తీర్పుల నుంచి తీసుకున్న ప్రతి వాక్యం పక్కన ఆ పేరా సంఖ్యను మార్జిన్‌లో రాసి పెడితే, సరిచూసి పదిహేను రోజుల్లో తిప్పి పంపుతాను.

శుభాకాంక్షలతో,
మీ శ్రేయోభిలాషి