ఆటోలో మా అక్క ఉంది, నేను చూడనట్టు పక్కకి తిరిగాను

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా కోసిగి దగ్గర ఒక పల్లె. వానలు పడినా పడకపోయినా సంక్రాంతికి అటూ ఇటూగా ఇంటికి తాళం వేసి, పిల్లాజెల్లాతో గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలికి వలస పోవడమే మా బతుకు. పదేళ్లు వచ్చేవరకు నేను మిరప చేలల్లోనే పెరిగాను. నన్ను చూసుకోవడానికి మా అక్క మూడో తరగతిలో బడి మానేసింది. తర్వాత నేను బీసీ హాస్టల్లో చదివి, కానిస్టేబుల్‌నయ్యి, ఆ డ్యూటీ చేస్తూనే గ్రూప్-1 రాసి డీఎస్పీ అయ్యాను. ఇప్పుడు పల్నాడులో పోస్టింగ్. పెళ్లప్పుడు అత్తవారికి మా నాన్న రైతు అని మాత్రమే చెప్పాం, సుగ్గి సంగతి నా భార్యకి కూడా తెలియదు. కిందటి నెల ఓవర్‌లోడ్ ఆటోల తనిఖీ జరుగుతుంటే చూడ్డానికి వెళ్లాను. ఆపిన ఒక ఆటోలో మా అక్క ఉంది. పక్కన ఒక పిల్ల కూడా ఉంది, బహుశా మా మేనకోడలేమో. అక్క నన్ను చూసి కొంగు మొహం మీదికి లాక్కుంది. నేను ఫోన్ మాట్లాడుతున్నట్టు పక్కకి తిరిగాను. ఆటోకి ఫైన్ వేసి సగం మందిని అక్కడే దింపేశారు. నాలుగు రోజుల తర్వాత ఆమెకి ఫోన్‌పేలో 20 వేలు పంపితే సాయంత్రానికల్లా తిరిగొచ్చాయి. రాత్రుళ్లు నిద్ర లేదు. ఆమెతో ఈ పని ఎలా మాన్పించాలి?

జవాబు: ముందు ఆ 20 వేల సంగతి మాట్లాడుకుందాం. ఆటో దగ్గర మొహం తిప్పుకున్న తమ్ముడు నాలుగు రోజులు పలకకుండా ఉండి, ఐదో రోజు ఒక్క మాట కూడా లేకుండా డబ్బు పంపితే ఏ అక్కయినా ఏమనుకుంటుంది? నోరు మూసుకోమని ఇచ్చినట్టు ఉంటుంది. మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు, కానీ ఆమెకి చేరింది మాత్రం డబ్బొక్కటే, అందుకే వెనక్కి పంపింది. మళ్లీ పంపకండి, ఇప్పుడే వద్దు.

ఇంకోటి. ఆమె కొంగు లాక్కున్నది తన కూలి బతుకు చూసి సిగ్గుపడి అని మీరు అనుకుంటున్నట్టున్నారు. నాకు మాత్రం అలా అనిపించలేదు. చుట్టూ మీ కింద పనిచేసేవాళ్లు నిలబడి ఉన్నారు, ఆమె నోరు తెరిచి ఒరేయ్ తమ్ముడూ అని పిలిస్తే మీ పరువు ఏమవుతుందో అని ఆ ఒక్క క్షణంలో మీకోసం ఆలోచించింది. మీ చిన్నప్పుడు చేసిన పనే మళ్లీ చేసింది. మిరప కోత కూలి కిలోల లెక్కన ఇస్తారు, పసిపిల్లాడి కోసం తల్లి లేచిన ప్రతిసారీ ఆ మేరకు కూలి పోతుంది, అందుకే ఇంట్లో పెద్దపిల్ల బడి మానేసి గట్టు మీద తమ్ముణ్ణి ఎత్తుకుని కూర్చుంటుంది. ఇది మీకు నాకంటే బాగా తెలుసు. మీరు హాస్టల్‌కి వెళ్లిన రోజు ఆమె మళ్లీ బడికి వెళ్లలేదు కదా, నేరుగా చేలోకి దిగింది. మీకు వచ్చిన గ్రూప్-1 ర్యాంకులో ఆమె కష్టం ఎంతుందో ఎవరూ లెక్క కట్టలేరు, కట్టక్కర్లేదు కూడా. ఆ విషయం మీ నోటితో ఆమెకి ఒక్కసారైనా చెప్పారా?

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టిన మాట దగ్గరికి వస్తాను. బహుశా మా మేనకోడలేమో అని రాశారు. బహుశా ఏమిటండీ? మీరు మేనమామ. ఆ పిల్ల తలమీద అక్షింతలు వేయాల్సిన మనిషి మీరు, పెళ్లిలో బుట్టలో కూర్చోబెట్టి తీసుకొచ్చేది మీరు, మీకు ఆమెని గుర్తుపట్టడానికి బహుశా కావాల్సి వచ్చింది. మిమ్మల్ని తిట్టడానికి రాయడం లేదు. కోతల కాలంలో, బడులు నడుస్తున్న రోజుల్లో, ఆ పిల్ల ఆటోలో చేలోకి వెళుతోంది. మీ అక్కకి మూడో తరగతిలో జరిగింది ఆమె కూతురికి ఇప్పుడు జరుగుతోంది, అదీ మీ సబ్‌డివిజన్‌లో. మీరు అక్కతో పని మాన్పించాలని అడిగారు, ముందు పట్టించుకోవాల్సింది పిల్ల బడి. విద్యాహక్కు చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏడాది మధ్యలో వచ్చినా, టీసీ చేతిలో లేకపోయినా బడిలో చేర్చుకోవాల్సిందే. ఊళ్లో ఉండి చదువుకోవాలనుకుంటే సుగ్గికి వెళ్లే కుటుంబాల పిల్లల కోసం మీ కర్నూలు వైపు నడుపుతున్న సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి, ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకి కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి. మండల విద్యాశాఖాధికారిని కలవడం మీకు అరగంట పని. మీ హోదా దీనికి పనికొస్తే అంతకంటే మంచి ఉపయోగం ఏముంటుంది! అయితే అక్కని అడగకుండా మీరే నిర్ణయించేసి కబురు పెట్టకండి.

పని మాన్పించే సంగతి ఆమెకే వదలండి. ఆమెకి అప్పులున్నాయేమో, కూలీల్ని పనికి తీసుకొచ్చే మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుందేమో, మొగుడికి ఒంట్లో బాగోలేదేమో, ఇవేవీ మీకు తెలియవు. అడగండి, విని ఊరుకోండి, వెంటనే పరిష్కారం చెప్పకండి. అడ్వాన్స్ తీర్చేదాకా కదలనివ్వం అని ఎవరైనా పట్టుబడుతుంటే మాత్రం అది 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తుంది, ఆర్డీవో దాకా వెళ్లే విషయం, మీకు నేను చెప్పేదేముంది. అది లేనప్పుడు, తమ్ముడిగా కోపం వచ్చింది కదా అని మేస్త్రీని స్టేషన్‌కి పిలిపిస్తే వచ్చే ఏడు మీ అక్కకి పని చూపించేవాడు ఉండడు, ఆ ముఠాలో మిగతా ఆడవాళ్లు కూడా ఆమెని దూరం పెడతారు.

ఆటోల సంగతి కూడా. తనిఖీ తప్పనడం లేదు, కూలీల ఆటోలు బోల్తాపడి ఎంతమంది ఆడవాళ్లు పోతున్నారో మీరు కళ్లారా చూసేవారే. కానీ సగం మందిని రోడ్డు మీద దింపేస్తే వాళ్లు ఏమయ్యారు, చేలోకి ఎలా వెళ్లారు, ఆ పూట కూలి ఎవరిచ్చారు? దింపిన సగంలో మీ అక్క ఉందో లేదో కూడా మీరు రాయలేదు. కోతలకి ముందే రైతుల్నీ మేస్త్రీల్నీ ఆటోవాళ్లనీ కూర్చోబెట్టి, రెండు విడతలుగా తీసుకెళ్లేలా మాట్లాడొచ్చు. చిన్నప్పుడు ఆ ఆటోలూ లారీలూ ఎక్కిన మనిషి కాబట్టి మీరు మాట్లాడితే ఆ మాటకి బరువుంటుంది.

మీ భార్యకి మాత్రం అక్క దగ్గరికి వెళ్లేలోపే చెప్పేయండి. ఇన్నేళ్లు దాచారని ఆమెకి కోపం వస్తుంది, రానివ్వండి, అది మీ నాన్న కూలికి వెళ్లినందుకు వచ్చే కోపం కాదు. నిజంగా దానికే వస్తే అప్పుడు ఇద్దరూ కలిసి నా దగ్గరికి రండి, మాట్లాడుకుందాం.

వెళ్లేది పొద్దుగూకాక వెళ్లండి, చేలోంచి తిరిగొచ్చి గుడిసెల ముందు పొయ్యి వెలిగించే వేళకి. జీపు వద్దు, గన్‌మన్ వద్దు. అక్కా, నిన్ను చూశాను, చూసి కూడా ఆగలేదు అని చెప్పండి, డ్యూటీలో ఉన్నాను, జనం ఉన్నారు అని దానికి ఏదీ తగిలించకండి. ఆమె తిట్టొచ్చు, ఏడవొచ్చు, అసలు ఏమీ జరగనట్టు అన్నం తిన్నావా అని అడగొచ్చు. పెడితే తినండి.

ఆ తర్వాత నాకు మళ్లీ రాయండి. ఈసారి ఆ పిల్ల పేరేంటో, ఎన్నో తరగతో కనుక్కుని రాయండి.