గ్రాండ్ టోటల్ ఎందుకు తప్పుతోందంటే

రిపోర్టులు తయారుచేసే పవర్ బీఐలో వరుసల్లో అంకెలు సరిగ్గానే ఉన్నాయి, కింద టోటల్ మాత్రం ఎక్కడికో పోతోందన్నారు కదండీ. తప్పు మీ ఫార్ములాలోనే ఉంది. మీరు సంఖ్యల (ఎంత అమ్మారో దాని) సమ్‌ని, అంటే మొత్తాన్ని, ధరల సమ్‌తో గుణించారు. బియ్యం 10 కిలోలు 60 చొప్పున, కందిపప్పు 5 కిలోలు 150 చొప్పున అనుకోండి. రావాల్సింది 1,350. మీ లెక్కలో 15 ఇంటూ 210, అంటే 3,150! వరుసలో ఒకే సరుకు ఉంటుంది కాబట్టి అక్కడ తప్పు దొరకలేదు.

ఇలా మార్చండి:

మొత్తం = SUMX('అమ్మకాలు', 'అమ్మకాలు'[సంఖ్య] * RELATED('సరుకులు'[ధర]))

సమ్‌ఎక్స్ (SUMX) అమ్మకాల టేబుల్‌ని వరుసవారీగా చదువుతుంది, రిలేటెడ్ (RELATED) సరుకుల టేబుల్ నుంచి ఆ సరుకు ధర తెచ్చిస్తుంది, గుణించాకే కూడిక. రిలేటెడ్‌ని మెజర్‌లో (రిపోర్టులో అప్పటికప్పుడు లెక్కగట్టే ఫార్ములాలో) ఒంటరిగా రాస్తే ఎర్రర్ వస్తుంది, ఏ వరుస ధర తేవాలో దానికి తెలియదు మరి. సరుకుల వైపు నుంచి అమ్మకాలు కావాలంటే రిలేటెడ్‌టేబుల్ (RELATEDTABLE) వాడాలి.

ధర కోసం కాలిక్యులేటెడ్ కాలమ్ (ప్రతి వరుసకీ లెక్కగట్టి టేబుల్లో దాచే అదనపు కాలమ్) పెట్టమని ఎవరైనా చెప్తారు. పనిచేస్తుంది గానీ ఊరికే ఫైల్ బరువు, నేనైతే పెట్టను.

ఇంకా తేడా వస్తే రిపోర్టులో పట్టికగా చూపే టేబుల్ విజువల్‌లో సరుకుల టేబుల్ నుంచి పేరు, పక్కన సంఖ్య వేసి చూడండి. పేరు లేని ఖాళీ వరుస కనిపించిందంటే, అమ్మకాల్లో ఉన్న సరుకు కోడ్‌లు కొన్ని సరుకుల టేబుల్లో లేవు. వాటికి ధర రాదు.