పనిచోట ప్రశ్నలు: చెడ్డ కబురు యజమానికి ఎవరు చెప్తారు?

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 31 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, మిర్యాలగూడలో మా నాయిన నడిపే బాయిల్డ్ రైస్ మిల్లు చూసుకుంటున్నాను. రంగు తేడా ఉన్న గింజలను ఏరేసే కొత్త సార్టెక్స్ మెషిన్ తెచ్చాను, అన్ని మూలలా కెమెరాలు పెట్టించాను, లెక్కలన్నీ కంప్యూటర్‌లోకి మార్చాను. అయినా పాత ఆపరేటర్ ముభావంగా ఉంటున్నాడు. కొత్త పిల్లలు రెండు నెలలకే వెళ్లిపోతున్నారు. మిల్లులో ఏ తేడా వచ్చినా అందరికన్నా ఆఖరున నాకే తెలుస్తోంది. వచ్చే పదేళ్లకు తగ్గట్టు పని వాతావరణం మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక మిల్లు యజమాని, మిర్యాలగూడ

జవాబు: బాబూ, ఆఖరున మీకే తెలుస్తోందన్నారు చూడండి, అక్కడే మొదలుపెట్టండి. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

నాది పాలమూరు. మేస్త్రీల కింద గుంపులుగా డ్యాములకు, కాలువలకు పనికి పోయినవాళ్ల మధ్య పెరిగాను. ఆ పనుల్లో కూలీ మేస్త్రీతోనే మాట్లాడాలి, కాంట్రాక్టర్‌తో మాట్లాడేది మేస్త్రీయే. గట్టు జారేలా ఉందని కూలీకి కనిపించినా, మేస్త్రీకి ఇష్టమైతేనే ఆ మాట పైకి పోయేది. తర్వాత జడ్చర్ల వైపు మందుల ఫ్యాక్టరీల్లో హెచ్‌ఆర్ పనిచేసినప్పుడూ అదే వరస చూశాను. మేస్త్రీ స్థానంలో సూపర్‌వైజర్ వచ్చాడు, అంతే. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక మీ వైపు వరి పెరిగింది, దాంతో మిల్లులూ పెరిగాయి. వాటిలోకీ ఈ అలవాటే వచ్చింది.

సార్టెక్స్ కెమెరాతో నల్ల గింజను పట్టి గాలితో బయటికి కొడుతుంది. కానీ గింజ ఎందుకు నల్లబడిందో అది చెప్పదు. నానబెట్టడంలో తేడానా, ఆవిరి ఎక్కువైందా అన్నది ట్యాంకుల దగ్గర నిలబడ్డ మనిషికి తెలుస్తుంది. రబ్బర్ రోలర్లు అరిగితే పొట్టు ఊడని వడ్లు ముందుకు పోతుంటాయి, ఆ సంగతి మీ ఆపరేటర్ రిపోర్టుకన్నా ముందే పసిగడతాడు. ప్రభుత్వం మర ఆడించడానికి ఇచ్చే వడ్లకు క్వింటాలుకు 68 కిలోల బాయిల్డ్ బియ్యం అప్పజెప్పాల్సిన మీకు, ఆ మాట గంట ముందు తెలియడం ఎంత విలువో నేను చెప్పనక్కర్లేదు.

మరి ఎందుకు చెప్పరు? భయం ఒక కారణం. రెండోది డబ్బు, దీన్ని చాలామంది యజమానులు చూడరు. హమాలీలకు బస్తా లెక్కన కూలి కదా! లైన్ ఆగితే వాళ్ల సంపాదన ఆగుతుంది. వడ్లను పైకి మోసే ఎలివేటర్ బెల్టు పక్కకు జరుగుతోందని ఒక కుర్రాడు స్విచ్ ఆపితే, మొదట తిట్టేది మీరు కాదు, పక్కనున్న పది మంది హమాలీలు. వాళ్ల తప్పేమీ లేదు, ఇంట్లో పిల్లలున్నారు. అందుకే ముందు ఈ లెక్క తేల్చండి. భద్రత కోసం లైన్ ఆపితే, ఆగినంతసేపూ హమాలీలకు గంటకు ఇంతని కట్టిస్తామని వాళ్ల నాయకుడితో కూర్చుని ఒప్పందం రాసుకోండి. అది లేకుండా గోడ మీద ఎన్ని బోర్డులు రాయించినా ఎవ్వరూ స్విచ్ ముట్టరు. టయోటా కార్ల ఫ్యాక్టరీలో లోపం చూసిన ఏ కార్మికుడైనా తాడు లాగి సాయం పిలవచ్చు, వెంటనే సరికాకపోతే లైన్ ఆగుతుంది. ఆ పద్ధతి నిలబడింది తాడు వల్ల కాదు, లాగినవాడికి నష్టం జరగకపోవడం వల్ల. మీరు కూడా "ఎవడు ఆపాడు?" అని కాకుండా "ఏం చూశావు?" అని అడగండి. మొదటిసారి మీ గొంతు ఎలా ఉందో మిల్లంతా గమనిస్తుంది.

పాత ఆపరేటర్ ముభావం నాకు అర్థమైంది. ఇన్నేళ్లూ అందరూ ఆయన్ను అడిగేవాళ్లు, ఇప్పుడు స్క్రీన్‌ను అడుగుతున్నారు. సార్టెక్స్ సెట్టింగులు ఆయనకే నేర్పించండి. ఇద్దరు కొత్త పిల్లలను ఆయన చేతికింద పెట్టి, నేర్పినందుకు విడిగా జీతం కలపండి. పని వచ్చిందని ఆయన చెప్పాకే వాళ్లకు జీతం పెరగాలి. అప్పుడు ఆ పిల్లలకూ ఉండిపోవడానికి ఒక దారి కనిపిస్తుంది.

మీ మిల్లులో బీహార్ నుంచి వచ్చిన కార్మికులుంటే, వాళ్లతో కాంట్రాక్టర్ ద్వారా కాకుండా మీరే హిందీలో మాట్లాడండి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాల ప్రకారం ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలి ఇవ్వాలన్నది ముందు నుంచీ ఉన్నదే. కెమెరా ఏది ఎందుకు పెట్టారో అందరికీ చెప్పి, వాళ్లు అన్నం తినే చోట ఉన్నది తీసేయండి.

ఇంకో మాట. మీ నాయిన ఇంకా గల్లా దగ్గర కూర్చుంటున్నారంటే, పనివాళ్లు మీకు చెప్పనిది ఆయనకు చెప్తుంటారు. ఆయన మాటను నలుగురిలో కొట్టేయకండి. ఏ విషయం ఎవరు తేల్చాలో ఇంట్లోనే మాట్లాడుకుని, ఆ తర్వాతే మిల్లులో చెప్పండి. ఇవన్నీ యాసంగి వడ్లు దిగకముందే మొదలవ్వాలి. లారీలు బారులు తీరాక కొత్త పద్ధతులు వినే ఓపిక ఎవరికీ ఉండదు.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో 14 మంది పనిచేసే షోరూమ్‌లో అకౌంట్స్ చూస్తాను. మేనేజర్ అసభ్యంగా మాట్లాడుతున్నాడని ఓనర్‌కు చెప్తే సర్దుకుపొమ్మన్నారు. ఏం చేయాలి?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, సర్దుకోవద్దు. పనిచోట మహిళలపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం ప్రకారం 10 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా ఇలాంటి ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలి. దానికి మహిళే అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి వ్యక్తి ఒకరు ఉండాలి. కమిటీ వేయని యజమానికి 50,000 రూపాయల దాకా జరిమానా పడుతుంది. ఈ సంగతి మీ ఓనర్‌కు కాగితం మీద రాసివ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. సంఘటన జరిగిన 3 నెలల లోపు ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఓనర్ కదలకపోతే ఇలాంటి ఫిర్యాదులు ఆన్‌లైన్‌లో తీసుకునే కేంద్ర ప్రభుత్వ షీ-బాక్స్ పోర్టల్‌లో నమోదు చేయండి, కలెక్టరేట్‌లో మహిళా, శిశు సంక్షేమ అధికారిని కలవండి. ఈలోగా ఫోన్‌లో వచ్చిన మెసేజ్‌లు ఒక్కటి కూడా డిలీట్ చేయకండి. ఏ రోజు, ఎవరి ముందు, ఏమన్నాడో తేదీలతో రాసిపెట్టుకోండి.