వాతావరణ మార్పును తట్టుకోవాలంటే మన నగరాలు ఎలా మారాలి?

ముందు గోడలు కూలగొట్టాలి. మాటవరసకు అనడం లేదు, ఇటుకలతో కట్టిన గోడల గురించే చెబుతున్నాను.

2020 అక్టోబరు 13న హైదరాబాద్‌లో కురిసిన వాన గుర్తుండే ఉంటుంది. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల దాకా పడింది. మాది నగరానికి దక్షిణాన ఒక చెరువు అలుగుకు దిగువన వెలసిన కాలనీ. రాత్రి కరెంటు పోయింది. వీధిలో నీళ్లు పారిపోతున్నాయనే అనుకున్నాం. కానీ అవి కదలకుండా పైకి లేస్తున్నాయి. కారణం వీధి చివరి ప్రహరీ. పక్క వెంచరువాళ్లు ఇటు రాకూడదని కాలనీ సంఘం చందాలు వేసి కట్టించింది. ఒకప్పటి అలుగు కాలువకు మిగిలిందల్లా ఆ గోడ అడుగున ఒక సిమెంటు గొట్టం. దానికి ఎవరో పారేసిన పరుపు అడ్డంపడింది.

కుర్రాళ్లు గునపాలతో వెళితే సంఘం అధ్యక్షుడు మోకాలిలోతు నీళ్లలో గొడుగుతో అడ్డంగా నిలబడ్డారు. తీర్మానం లేకుండా గోడ ముట్టుకోకూడదట! "మినిట్సు పుస్తకం కూడా మునిగిందండీ, ఇక కానివ్వండి" అని మా ఆవిడ మేడమీద నుంచి కేకేసింది. చివరికి ఆయన భార్యే ఆయన్ను చెయ్యి పట్టుకుని పక్కకు లాగారు. గోడకు కంత పడగానే నీళ్లు ఎంత జోరుగా పోయాయంటే, కాసేపటికే మునిగిన స్కూటర్ల సీట్లు బయటపడ్డాయి. అవతలివాళ్లు మమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టారు. తిట్టరా మరి, వాళ్లకు దిగువన ఇంకో గోడ ఉంది.

ఏ కాలనీకి ఆ కాలనీ చేసుకునే పని కాదిది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో సుమారు 15,000 మంది పోయారు. అప్పుడు నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన ఊళ్లో గోడలు కట్టి సరిపెట్టమనలేదు, ఎగువనే నీటిని ఆపమన్నారు. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపే జలాశయాలే తాగునీరూ ఇచ్చాయి. వాటి చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దు పెట్టింది 1996 నాటి 111 జీవో. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో తెచ్చారు. నెదర్లాండ్స్‌లో చూడండి, నైమేఖన్ దగ్గర నదికి చోటు చాలదని కట్టనే 350 మీటర్లు వెనక్కి జరిపారు. అడ్డొచ్చిన ఇళ్లూ తీసేశారు.

మనవాళ్లకు మాత్రం పెద్ద పెద్ద తెరలున్న కంట్రోల్ రూములు కావాలి. ఏ వీధి మునిగిందో తెరలో చూడాలా? మమ్మల్ని అడిగితే చెప్పమా? పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది వేస్తూ పోతుంటే మా గడప రోడ్డుకంటే జానెడు కిందికి పోయింది. ముందు ఆ కాంట్రాక్టరును తవ్వి వేయమనండి. ఇళ్లవాళ్లూ తక్కువ తినలేదు. వాకిట్లో చారెడు మట్టి కనబడకుండా టైల్సు పరిచి, వేసవిలో బోరు ఎండిపోయిందని ట్యాంకరుకు ఫోను చేస్తారు.

మీరు ఇల్లు కొనే ఆలోచనలో ఉంటే, అడ్వాన్సు ఇచ్చేముందు హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) చెరువుల పటాల్లో ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు, ఎక్కడ ఉందో చూడండి. ఆ స్థలానికి ఒక వానరోజు వెళ్లి రండి. దళారీ "పట్టా భూమే సార్" అంటాడు. చెరువు శిఖంలోనూ, అంటే చెరువు నిండితే మునిగే భూమిలోనూ, పట్టాలుంటాయని మాత్రం చెప్పడు.